అమ్మ పోయాక నాన్నకి కోపం పెరిగింది, ఎలా మాట్లాడాలి?

అందరికీ నమస్కారం. అమ్మ పోయి ఏడాది కావస్తోంది. నాన్న అప్పుడు ఏడవలేదు గానీ మనిషి మారిపోయారు. పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళేవారు, మానేశారు. షుగర్ ఉంది. అయినా రాత్రి అన్నం వద్దని, అందరూ పడుకున్నాక జంతికల డబ్బా పట్టుకుని టీవీ ముందు కూర్చుంటారు. పప్పులో ఉప్పు తగ్గిందని మా ఆవిడ మీద కేకలేసి, ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడరు. ఆ పప్పు అమ్మ చేసినట్టు లేదన్నదే అసలు బాధేమో అనిపిస్తుంది నాకు. ఆవిడ ఓపిక పడుతోంది, పిల్లలు మాత్రం తాతయ్య గదిలోకి వెళ్ళడమే తగ్గించేశారు.

దిగులు, టెన్షన్ ఎక్కువైతే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగి షుగర్ కూడా పెరుగుతుందని డాక్టర్ గారు అన్నారు. కౌన్సెలింగ్ మాటెత్తితే "నాకేమన్నా పిచ్చా?" అంటారు నాన్న.

కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కి తెలుగులోనే ఉచితంగా మాట్లాడొచ్చు కదా, ముందు నేనే ఫోన్ చేసి ఇంట్లోవాళ్ళం ఏం చేయాలో అడగొచ్చా? మీలో ఎవరైనా అలా చేశారా? అమ్మ ప్రస్తావన మనమే తేవాలా, ఆయనే ఎత్తేదాకా ఆగాలా? సంవత్సరీకం దగ్గర పడుతోంది, ఆలోపే ఏదో ఒకటి మొదలుపెట్టాలని ఉంది.