మొక్కజొన్న ఇథనాల్‌కు అమ్మితే మనకేమైనా మిగులుతుందా?

మాది నంద్యాల దగ్గర పల్లె, నాలుగెకరాల మొక్కజొన్న. 2006లో జట్రోఫా నాటండి, డీజిల్ పండుతుందన్నారు. నాన్న గట్టు పొడవునా నాటారు. గుప్పెడు కాయలు కాసింది, కొనేవాడు రాలేదు. ఇప్పుడు ఇథనాల్ అంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: తేడా ఉందన్నా. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. టన్ను గింజలకు సుమారు 380 లీటర్లు వస్తుంది. కానీ తేమ 14 శాతం దాటితే రేటు కోస్తారు. కళ్లంలో ఇంకో రెండు రోజులు ఎండనివ్వు.

జవాబు: నాది కోళ్ల ఫారం. మీకు రేటు పెరిగితే నాకు దాణా టెన్షన్. ఫ్యాక్టరీలో మిగిలే పిప్పి చవకే, బూజు పట్టిన గింజలదైతే మాత్రం కోళ్లకు జబ్బే.

అడిగినాయన: సరే, ఈసారి రెండెకరాలదే అమ్మి చూస్తా. జట్రోఫా మోడు ఇంకా ఉంది, గేదెను దానికే కడుతున్నాం.