ఇటలీల నడక దూరం ఎట్ల అడగాలె?

ప్రశ్న (హన్మకొండ): వచ్చే నెల అమ్మతోని రోమ్ పోతున్నం. ఆమెకు మోకాళ్ల నొప్పులు. నడిచేటంత దూరమేనా అని అక్కడోళ్లను ఎట్ల అడగాలె?

జవాబు: "స్కూజి, క్వాంతో చి వ్వోలే ఆ పియేది?" (జర చెప్తరా, నడిస్తే ఎంతసేపు పడ్తది?) అనుర్రి. కిలోమీటర్ల కన్నా నిమిషాలే నయం. చింక్వె అంటే 5, దియేచి 10, ఉన్ క్వార్తో దోర పావుగంట, మెద్జోర అరగంట.

జవాబు: అన్నా, వాళ్ల పది నిమిషాలు వాళ్ల నడకకే. అమ్మతోని ఇరవై అనుకోర్రి. "చి సోనో స్కాలే?" అని మెట్ల సంగతి సుత అడుగుర్రి, అసలు తిప్పలు అక్కడనే. రోమ్ పెద్ద రైల్వే స్టేషన్ తెర్మిని నుంచి కొలోసియం కిలోమీటరున్నర పైనే, అంతా నడుసుడెందుకు? మెట్రో బి లైన్ల రెండో స్టాపే.

జవాబు: మీటర్లల్ల చెప్తే సెయిచెంతో 600, సెత్తెచెంతో 700. జల్ది అంటే ఒక్కతీరే వినపడ్తయ్. ఫోన్ల అంకె కొట్టిపిచ్చుకోర్రి.