అమెరికాల పుట్టిన పిల్లగాడు నల్లగొండ జిల్లా మర్రిగూడకు వచ్చి ఉంటనంటున్నడు, ఏమేం చూసుకోవాలె?

చర్లగూడెం:
మా అన్న కొడుక్కు 24 ఏండ్లు. పుట్టింది, చదివింది అమెరికాల. పాస్‌పోర్టు అక్కడిదే, చిన్నప్పుడు తీసిన ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనోళ్లకు ఇచ్చేది) ఉంది. తాత ఊర్లె ఉండి, అమెరికా కంపెనీ పనే ఇంట్ల నుంచి చేసుకుంటడంట. మా నాయిన పేరు మీద 3 ఎకరాల 20 గుంటలు, గ్రామకంఠంల (ఊరి ఇండ్ల జాగల) పాత ఇల్లు ఉన్నయి. నాయిన పోయి ఆరేండ్లాయె, విరాసత్ (వారసుల పేర్ల మీదికి పట్టా మార్పు) చేసుకోలే. అన్న కూడా ఇప్పుడు అమెరికా పౌరుడే. తన వాటా కొడుక్కు గిఫ్ట్ రాసిస్తనంటుండు. అయితదా?

దేవరకొండ గుట్ట:
భూమి కాదు, ఇల్లయితే అయితది. ఓసీఐ వాళ్లు వ్యవసాయ భూమి, తోట, ఫాంహౌజ్ కొనొద్దు, గిఫ్టుగ కూడా తీసుకోవద్దు. వారసత్వంగ వస్తేనే ఉంచుకోవచ్చు. ఇది ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధన. రిజిస్ట్రేషన్ ఆఫీసుల ఎవరూ అడగకున్నా, రేపు అమ్మి పైసలు బయటికి పంపేటప్పుడు బ్యాంకు దగ్గర దొరుకుతరు. జరిమానా విలువకు మూడింతల దాక ఉంటది. మీ అన్నకు తండ్రి నుంచి వచ్చేది వారసత్వమే కాబట్టి ఆయన పేరు మీదనే ఉండనియ్యండి. పిల్లగాడు ఊర్లె ఉండనీకి పట్టా ఎందుకు?

రెవెన్యూ రమణయ్య:
ముందుగాల విరాసత్ తెంపుకోండి. మరణ ధ్రువపత్రం, మీసేవల కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, పాత పాస్‌బుక్కు తీసుకొని భూభారతిల (సర్కారు భూమి రికార్డుల పోర్టల్) దరఖాస్తు పెట్టాలె. తహసీల్దార్ వారసులందరికీ నోటీసు ఇచ్చి విచారణ చేస్తడు. ఫైలు ఆగేది అక్కడనే, మీ అక్కచెల్లెండ్ల సంతకాల దగ్గర. పెండ్లిల కట్నం ఇచ్చినం అంటే చెల్లది, కొడుకులతోటి సమానంగ వాళ్లకు హక్కుంది, మీ అమ్మ ఉంటే ఆమెకూ ఒక వాటా. వాళ్లు వదులుకుంటమంటే రిజిస్టరు విడుదల పత్రం మీ పేరు మీద రాయించుకోండి. అన్న పేరు మీదికి రాస్తే అది మళ్ల గిఫ్టే కదా అని పేచీ వస్తది.
అన్న రాలేకపోతే అక్కడ నోటరీ, అపోస్టిల్ (వేరే దేశంల చెల్లేటట్టు అక్కడి సర్కారు వేసే ముద్ర) చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలె. అది ఇక్కడికి చేరిన 3 నెలల్ల జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు పడాలె. చాలామంది కవరు విప్పి బీరువల పెట్టి మర్చిపోతరు.

పిల్లలమర్రి నీడ:
చిన్నప్పటి ఓసీఐ అంటున్నరు. 20 ఏండ్లు దాటినంక కొత్త పాస్‌పోర్టు వచ్చి ఉంటే కార్డు ఒకసారి రీఇష్యూ చేయించాలె, విమానం ఎక్కకముందే చూసుకోండి. ఆధార్ దిగంగనే రాదు. దరఖాస్తుకు ముందటి 12 నెలల్ల 182 రోజులు ఇక్కడ ఉండాలె, ఇచ్చినా 10 ఏండ్లకే. ఓటు లేదు, సర్కారు కొలువు లేదు. అర్మేనియా లాంటి దేశం వాళ్ల మూలాలున్నోళ్లు తిరిగొస్తే పౌరసత్వమే ఇస్తది, రెండు పాస్‌పోర్టులు ఉంచుకోనిస్తది. మన దగ్గర ఓసీఐ అంటే పేరుకే పౌరసత్వం, పనికి జీవితకాలం వీసా.
పన్ను సంగతి ఇంక ముఖ్యం. జీతం ఏ దేశం నుంచి వచ్చినా, పని మర్రిగూడల కూసోని చేస్తే అది ఇక్కడి ఆదాయమే. అమెరికా రిటర్ను కూడా ఏటా వెయ్యాలె. ఇక్కడి ఖాతాలు అన్నీ కలిపి ఏడాదిల ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (బయటి దేశం ఖాతాల గురించి అమెరికా సర్కారుకు ఇచ్చే ఫారం) నింపాలె. బ్యాంకోళ్లు మ్యూచువల్ ఫండ్ అంటగడ్తరు, తీసుకోనియ్యకండి. అమెరికా పన్ను లెక్కల అది పెద్ద తలనొప్పి.

చర్లగూడెం:
సంతోషం అన్నా. ఇంట్ల బోరు ఉంది, నీళ్లు కాచి తాగితే సరిపోతదా?

మునుగోడు రోడ్డు:
మన దిక్కు బోర్లల్ల ఫ్లోరైడ్ బాధ ఉంది కదా. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంక చిక్కబడ్తది. క్యాండిల్ ఫిల్టరుతోటి కూడా పోదు. బయటి పిల్లగాడు టీడీఎస్ (నీళ్లల్ల కరిగిన లవణాలన్నీ కలిపి చూపే) మీటర్ తెచ్చి చూసి బాగనే ఉన్నయంటడు, ఆ మీటర్ ఫ్లోరైడ్‌ను విడిగ చూపదు. నీళ్లు ల్యాబుల పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ బోరు బట్టలకు, చెట్లకే. తాగనీకి, వంటకు భగీరథ నల్లా నీళ్లు పట్టుకోండి, లేకుంటే ఆర్వో. అన్నం, పప్పు బోరు నీళ్లతోటి వండి తాగే నీళ్లు మాత్రం క్యాన్ తెచ్చుకునేటోళ్లు బొచ్చెడు మంది ఉన్నరు. వంటల పోసిన నీళ్లు కూడా కడుపులకే పోతయి కదా.