ఆత్మసంబంధమైన పద్యములా, పాటలా?

వారం రోజులుగా ఒక మాట బుర్రలో తిరుగుతోంది. ఇంట్లో ప్రార్థన చేస్తుంటే "ఆత్మసంబంధమైన పద్యములతోను" అని నోటికొచ్చింది. "పద్యములు కాదురా, పాటలు" అంది అక్క. ఆరాధనలో వాక్యం చెప్పిందే చేయాలని నమ్మేవాణ్ని కాబట్టి నాకిది చిన్న విషయం కాదు. ఏది సరి?

— ఇద్దరిదీ సరే తమ్ముడూ. పౌలు పత్రికల్లో ఈ మాట రెండు చోట్ల ఉంది. కొలస్సయులకు 3:16లో "సంగీతములతోను కీర్తనలతోను ఆత్మసంబంధమైన పద్యములతోను ఒకనికి ఒకడు బోధించుచు, బుద్ధి చెప్పుచు" అని పద్యములు, ఎఫెసీయులకు 5:19లో పాటలు. మూల భాషైన గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట, ఓడే.

— అసలు చిక్కు అది కాదండీ. గ్రీకులో మూడు మాటలూ రెండు చోట్లా ఒకే వరసలో ఉంటాయి. తెలుగులో మొదటి మాట ఎఫెసీలో కీర్తనలు, కొలస్సయిలో సంగీతములు. రెండోది సరిగ్గా తిరగబడింది. "కీర్తనలు మాత్రమే పాడాలి" అని, అంటే బైబిల్లోని కీర్తనల గ్రంథం తప్ప వేరేవి పాడకూడదని అనేవాళ్లు తెలుగు బైబిలు పట్టుకుని వాదిస్తే ఏ కీర్తన అని అడగాలి. మత్తయి 26:30లో "కీర్తన పాడి" అన్నచోట గ్రీకు మాట రెండోదానికి చుట్టం.

— నాకు "పద్యము" అనే మాట దగ్గరే మనసు ఆగుతోంది. కొలస్సయిలో క్రియ "బోధించుచు, బుద్ధి చెప్పుచు". మనకు బుద్ధి చెప్పేది పద్యమే కదా! వేమన, సుమతి అలాగే నోటికొచ్చాయి. అనువాదకులు అందుకే పద్యం ఎంచుకున్నారని నా నమ్మకం.

— మాస్టారూ, ఆ లెక్కన ఎఫెసీలోనూ పద్యం రావాలి. అక్కడ గ్రీకు క్రియకు "మాట్లాడుకుంటూ" అని అర్థం. మనవాళ్లు "హెచ్చరించుచు" అన్నారు. పైగా ప్రకటన గ్రంథం 5:9లో అదే ఓడే "క్రొత్త పాట" అయింది, 15:3లో "మోషే కీర్తన" అయింది. సూత్రమేమీ లేదు, ఆ వాక్యంలో చెవికి ఏది కుదిరితే అది.

— చెవి మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. పద్యాన్ని మనం చదువుతాం అంటాం, పాడతాం అని కూడా అంటాం. జాషువా క్రీస్తు కథనంతా పద్యాల్లో రాశారు, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ పద్యాలు గొంతెత్తి చదివితే ఒళ్లు పులకరిస్తుంది. ఆరాధనలో మాత్రం ఎవరూ ఎత్తుకోరు. కొలస్సయి 3:16 చదివినప్పుడల్లా నాకదే బాధ.

— జాషువా గొప్పవారే. కానీ సంఘం పాడుకోవడానికి రాసినవారు పురుషోత్తమ చౌదరి. తెలుగు కాని ఇంట పుట్టి తెలుగులో అంత తేటగా రాయడం మాటలా? పల్లవి అందుకోగానే చదువు రానివాళ్లు కూడా గొంతు కలుపుతారు. "ఒకనికి ఒకడు" అన్నది నిజమయ్యేది అక్కడే. పద్యం ఒక్కరి గొంతు, కీర్తన అందరి గొంతు.

— ఒప్పుకోను. అందరూ కలిసి పద్యం చదవలేరా? బళ్లో చదవలేదా?

— నా ప్రశ్న ఎటో పోయింది, అయినా చాలా నేర్చుకున్నాను. నన్ను పట్టి ఉంచేది లేవీయకాండము 10:1. అహరోను కొడుకులు నాదాబు అబీహులు దేవుని సన్నిధికి తెచ్చింది ఆయన వద్దన్న అగ్ని అని అక్కడ లేదు, "ఆజ్ఞాపింపని" అగ్ని అని ఉంది. అందుకే మాట తప్పుగా పట్టుకుని ఆరాధనలోకి ఏదీ తేకూడదని నా భయం. పద్యం ఆ ఆజ్ఞలో ఉన్నట్టా, లేనట్టా?

— ఓడే అంటే పాడేది. పద్యం పాడితే ఉన్నట్టే. దాని ముందున్న "ఆత్మసంబంధమైన" అనే మాటే అసలు హద్దు. అది గ్రీకులో కూడా మూడో మాటకే అంటుకుని ఉంది, ఆ రెండు మాటలదీ ఒకే లింగం కావడం చూస్తే తెలుస్తుంది.

— వ్యాకరణం ప్రకారం అంతే. అర్థం ప్రకారం మూడింటికీ వర్తించదా?

— వర్తిస్తే "ఆత్మసంబంధమైన" మూడుసార్లు రావాలి కదండీ.

— ఎందుకు రావాలి? "తియ్యని పాలూ పెరుగూ" అంటే పెరుగు పులుపని అర్థమా?

— అక్కడ విశేషణం ముందుంది సార్. ఇక్కడ చివరి మాట దగ్గరుంది. పోలిక కుదరదు.