న్యూజెర్సీలో మిరప నారు: ఫిబ్రవరిలో పోస్తే దారంలా సాగిపోతోంది

పెరటిపిచ్చి:
అందరికీ నమస్కారం. ఎడిసన్ దగ్గర ఉంటాం. పోయినేడు ఏప్రిల్‌లో గింజలు వేస్తే కాయ పండేలోగా మంచు కొట్టేసింది. అందుకని ఈసారి ఫిబ్రవరి 1నే వేశాను. ప్లాస్టిక్ ట్రేలో పెరటి మట్టి, కింద వేడినిచ్చే హీట్ మ్యాట్, దానికి వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ (83 ఫారెన్‌హీట్‌కి పెట్టాను), దక్షిణం వైపు కిటికీ. గింజలు ఎండుమిర్చి ప్యాకెట్లోంచి తీసినవి. 40 వేస్తే 15 మొలిచాయి. అవీ మూడంగుళాలు సాగి, కొన్ని మట్టి దగ్గర వాలిపోతున్నాయి. వీటిని కాపాడుకోవచ్చా, మళ్ళీ వేయాలా?

నారుమడి:
వాలిన మొలక కాడను మట్టి దగ్గర చూడండి. నీరు పట్టినట్టై దారంలా సన్నబడిందా? అయితే అది నారుకుళ్ళు, ఇక లేవదు. పక్కవాటికి అంటకముందే పీకేయండి. పెరటి మట్టి ట్రేలో పోస్తే జరిగేది ఇదే. ఆ శిలీంధ్రం మట్టిలోనే ఉంటుంది, తడి ఆరకపోతే రెండు రోజుల్లో వరస మొత్తం పడుకుంటుంది. రెండు పాళ్ళు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) కలిపి వాడండి. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. గింజ పావు అంగుళం లోతు చాలు. నీళ్ళు పైనుంచి పోయకుండా ట్రే అడుగున పోసి, అరగంట తర్వాత మిగిలినవి పారబోయండి.

కాడ గట్టిగా ఉండి వట్టిగా పొడుగు సాగినవైతే బతుకుతాయి. మొదటి జత ఆకుల దాకా దించి విడిగా కప్పుల్లో నాటండి.

మళ్ళీ వేయడానికి టైమేమీ మించిపోలేదు. మీ వైపు మే మధ్య దాకా మిరప బయట పెట్టలేం. మొలకకు 10 రోజులు, నారుకు 8–9 వారాలు. మే 15 నుంచి వెనక్కి లెక్కేస్తే మార్చి మొదటి వారం. లైటు ఉంటే ఫిబ్రవరి 20కి వేసుకోవచ్చు. కిటికీనే నమ్ముకుంటే అంత తొందర వద్దు, అక్కడ ఫిబ్రవరిలో చాలా రోజులు పగలు పదకొండు గంటల లోపే. నాలుగడుగుల మామూలు ఎల్ఈడీ షాప్ లైటు సరిపోతుంది. ఆకులకు 3–4 అంగుళాల ఎత్తులో వేలాడదీసి, టైమర్ పెట్టి రోజుకు 14–16 గంటలు వెలిగించండి. మొక్క పెరిగేకొద్దీ లైటు పైకి జరపాలి.

ఇంకొకటి, హీట్ మ్యాట్ గింజ మొలిచేదాకానే. సగం గింజలు మట్టి పైకి రాగానే తీసేయండి. కింద వేడి, పైన వెలుతురు లేదు అంటే మొలక సాగక ఏం చేస్తుంది! ఆ తర్వాత పగలు 70–75, రాత్రి 60–65 ఫారెన్‌హీట్ చాలు.

తొడిమ:
గింజ సంగతి ఎవరూ అడగలేదేం? కళ్ళంలో ఎండిన కాయ గింజైతే బాగానే మొలుస్తుంది. డ్రయ్యర్‌లో ఎక్కువ వేడికి ఎండినదీ, రెండు మూడేళ్ళు నిలవున్నదీ అయితే సగం కూడా రావు. పైగా ప్యాకెట్లో ఉన్నది హైబ్రిడ్ కాయ అయితే మొక్కకో రకం కాపు వస్తుంది. గుంటూరు దగ్గరి లాం ఫారం పరిశోధన కేంద్రం వాళ్ళ ఎల్‌సీఏ 334 లాంటి సూటి రకమైతే (హైబ్రిడ్ కానిది) ఆ తేడా తక్కువ. కొత్త ప్యాకెట్ గింజ వేసేముందు పదింటిని తడి పేపర్ టవల్‌లో మడిచి, జిప్ కవర్లో వెచ్చగా పెట్టి పది రోజులు చూడండి. ఏడు మొలిస్తే వాడుకోవచ్చు. నీళ్ళలో తేలిన గింజ పారేయమంటారు, మిరపకు అది పనికిరాదు. బాగా ఎండిన మంచి గింజ కూడా తేలుతుంది. ఇండియా నుంచి తెప్పించుకుందామనుకుంటే, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్ళు లేవని ఇచ్చే పత్రం) లేని గింజల్ని కస్టమ్స్ వాళ్ళు తీసేసుకుంటారు.

మిద్దెతోట:
నారుమడి గారూ, ఆకుల దాకా పూడ్చమన్నారు, అక్కడ నాది వేరే మాట. టమాటా అయితే కాడ పొడుగునా వేళ్ళు వేస్తుంది. మిరప అంతగా వేయదు, చల్లటి తడి మిక్స్‌లో లోతుగా దించితే కాడే కుళ్ళుతుంది. అర అంగుళం దించి, పక్కన పుల్ల గుచ్చితే చాలు.

మొలకతో వచ్చే మొదటి జత కాక, రెండు జతల అసలు ఆకులు వచ్చాక మూడంగుళాల కప్పులోకి మార్చండి. ఆకు పట్టుకుని ఎత్తాలి, కాడ నలిగితే మొక్క పోయినట్టే. ఎరువు అప్పటిదాకా వద్దు, కోకోపీట్‌లో బలం ఉండదు కాబట్టి తర్వాత మాత్రం మర్చిపోవద్దు. నీళ్ళలో కలిపే ఎరువు డబ్బా మీది మోతాదులో పావు వంతు, వారానికోసారి. ఇంట్లో పెరిగే నారుకు పేనుబంక ఇట్టే పడుతుంది, ఆకుల అడుగున చూస్తూ ఉండండి. బయట పెట్టేముందు మొదటి రోజు గంట నీడలో, అలా వారం పది రోజుల్లో పూర్తి ఎండకు అలవాటు చేయాలి. రాత్రి 55 దిగనప్పుడే నాటండి. ముందు నాటిన మొక్క చావకపోయినా, నెల రోజులు ముడుచుకుని కూర్చుంటుంది.

నారుమడి:
మిద్దెతోట గారన్నది నిజమే. మిక్స్ తడిగా ఉంటే అర అంగుళమే మంచిది.
పెరటిపిచ్చి గారూ, థర్మోస్టాట్ ప్రోబ్ (వేడిని కొలిచే తీగ) ఎక్కడ పెట్టారు?

పెరటిపిచ్చి:
ట్రే పక్కన వేలాడుతోంది. ఇప్పుడే మట్టిలో గుచ్చి చూశాను, 98 చూపిస్తోంది.

నారుమడి:
దొరికింది. గది చల్లగా ఉంది కాబట్టి ప్రోబ్ ఎంతసేపటికీ 83 చూడలేదు, మ్యాట్ ఆగకుండా కాలుతూనే ఉంది. 95 దాటితే మిరప మొలక శాతం పడిపోతుంది. ప్రోబ్‌ను గింజ లోతులో, ట్రే మధ్యలో గుచ్చి, కదలకుండా టేపు వేయండి. ఒక రోజు ఉత్త మిక్స్‌తోనే నడిపి 80–85 మధ్య నిలిచాకే గింజలు వేయండి.