ల్యాప్‌టాప్ కీబోర్డులో డి, కె, బి కీలు తేడా చేస్తున్నాయి: శుభ్రం చేస్తే సరిపోతుందా, మార్చాల్సిందేనా?

ప్రూఫులకుప్ప:

విండోస్ 11 ల్యాప్‌టాప్. పనంతా ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు లేఅవుట్‌లో తెలుగు టైపింగే. మూడు కీలు మూడు రకాలుగా ఏడిపిస్తున్నాయి.

డి కీ, అంటే పొల్లు, మామూలుగా కొడితే పడదు. గట్టిగా నొక్కాలి. పడనప్పుడల్లా "పుస్తకం" కాస్తా "పుసతకం" అవుతోంది. కె కీ ఒకసారి కొడితే అప్పుడప్పుడు "కక" వస్తోంది. బి కొడితే ఒక్కోసారి పక్కనున్న ఎన్ కూడా పడి "వల" అవుతోంది. యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే ఏ ఇబ్బందీ లేదు.

కీబోర్డు విడిగా ఊడే రకం కాదు, అది బిగించి ఉన్న పై ప్యానెల్ మొత్తం మార్చాలని దుకాణంలో అంటున్నారు. ఈలోగా నెలాఖరుకి ఒక పుస్తకం పూర్తి చేసి ఇవ్వాలి. స్పిరిట్‌తో తుడిస్తే బాగుపడుతుందా? సాఫ్ట్‌వేర్‌తో ఏమైనా నెట్టుకురావచ్చా?

టంకంకడ్డీ:

విప్పే ముందు ఒక్క పని చేయండి. ల్యాప్‌టాప్ మూసి చదునైన బల్ల మీద పెట్టి, నాలుగు మూలలా వేలితో నొక్కి చూడండి. ఊగుతున్నా, టచ్‌ప్యాడ్ క్లిక్ బిగుసుకుపోయినా, కీబోర్డు మధ్యభాగం కాస్త పైకి లేచినట్టున్నా అది బ్యాటరీ ఉబ్బు. ఉబ్బిన బ్యాటరీ కింద నుంచి ఒత్తితే కీలు పడకపోవడం, వాటంతటవే పడటం రెండూ జరుగుతాయి. అదే అయితే ఛార్జింగ్ ఆపేసి ముందు బ్యాటరీ మార్చాలి. దాన్ని గుచ్చడం, నొక్కి సర్దడం లాంటివి వద్దు. కీబోర్డు సంగతి తర్వాత.

బ్యాటరీ బాగుంటే, మీరు చెప్పిన మూడింటికీ కారణాలు వేరు.

కీ కింద రబ్బరు బుడిపె, దాని కింద మూడు పొరల పల్చటి ప్లాస్టిక్ షీటు ఉంటాయి. పైపొర మీదా అడుగుపొర మీదా వెండి, కార్బన్ సిరాతో అచ్చువేసిన గీతలు. మధ్యపొరలో ప్రతి కీకీ ఒక చిల్లు. నొక్కితే ఆ చిల్లులోంచి పైగీత అడుగుగీతకు తగులుతుంది, అక్షరం పడుతుంది.

డి సంగతి తేలాలంటే కీ క్యాప్ (అక్షరం ఉన్న పై ప్లాస్టిక్ ముక్క) తీసి, పెన్సిల్ వెనకున్న రబ్బరుతో బుడిపె నడినెత్తిన మెల్లగా నొక్కండి. అప్పుడు చక్కగా పడితే తప్పు క్యాప్‌లోనో, దాని కింద ఇరుక్కున్న చెత్తలోనో ఉంది, శుభ్రం చేస్తే పోతుంది. అప్పుడూ గట్టిగా నొక్కితేనే పడుతుంటే లోపలి కాంటాక్టు అరిగింది. దానికి స్పిరిట్ మందు కాదు, ఎందుకంటే ఆ పొరలు అతికించి ఉంటాయి, స్పిరిట్ అసలు అక్కడికి చేరదు. చేరితే ఇంకా చెడుతుంది.

కె విషయంలో ఎన్ని పడుతున్నాయో చూడండి. సరిగ్గా రెండే పడితే కాంటాక్టు అదురుతోంది. కాస్త ఆగి "కకకకక" అని వరసగా పడితే కీ పైకి లేవడం లేదు, విండోస్ దాన్ని పట్టి ఉంచినట్టు లెక్కేసి రిపీట్ చేస్తోంది. ఇది జిగురు, శుభ్రం చేస్తే పోతుంది. మీది మొదటి రకంలా ఉంది.

బి, ఎన్ కలిసి పడటం నాకు నచ్చలేదు. రెండు కీలు ఒకేసారి పడుతున్నాయంటే పొరల మధ్య తేమో, ఎండిన తీపి ద్రవమో చేరి గీతల్ని కలుపుతోంది. ఒలికిన గుర్తు లేకపోయినా పావు చెంచా టీ చాలు. ఇది రోజులు గడిచేకొద్దీ పెరుగుతుందే కానీ తగ్గదు.

శుభ్రం చేసేట్టయితే: ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసేయండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకోండి, మందుల షాపులో దొరికే 70 శాతం దాంట్లో మిగతా 30 శాతం నీళ్లే. క్యాప్ తీయడానికి గిటార్ పిక్ లాంటి పల్చటి ప్లాస్టిక్ వాడండి, స్క్రూడ్రైవర్ వద్దు. ఏ వైపు నుంచి లేపాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. ఒక మూల లేపితే బిగువుగా అనిపిస్తే ఆపి రెండో వైపు ప్రయత్నించండి. కింద ఉండే కత్తెర క్లిప్పు కొక్కెం విరిగితే ఆ కీ ఇక నిలబడదు. స్పేస్, ఎంటర్, షిఫ్ట్ జోలికి పోకండి, వాటి కింద ఇనుప తీగ ఉంటుంది, తిరిగి కూర్చోబెట్టేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. దూది పుల్లను తడిపి పిండి, బుడిపె చుట్టూ తుడవండి. చుక్కలు కారకూడదు. అరగంట ఆరాక క్యాప్ పెట్టండి. డబ్ల్యూడీ-40 లాంటి నూనె స్ప్రే కొట్టమని ఎవరైనా చెబితే వినకండి, నూనె మిగిలిపోయి దుమ్మును పట్టి ఉంచుతుంది.

మొత్తంగా నా లెక్క: డి బాగుపడే అవకాశం సగం, కె తక్కువ, బి లేదు. మార్చడానికి సిద్ధపడండి.

పొల్లుకొమ్ము:

ఇన్‌స్క్రిప్ట్ వాళ్లకి ముందు పోయేది డి కీయే, ఇందులో ఆశ్చర్యం లేదు. "అమ్మ" రాయాలంటే షిఫ్ట్ డి, సి, డి, సి. నాలుగు నొక్కుల్లో రెండు డి మీదే. "స్త్రీ" అంటే ఎం, డి, ఎల్, డి, జె, ఆర్. ఇంగ్లీషు టైపిస్టు దగ్గర ఆ కీకి ఇంత చాకిరీ ఉండదు.

పుస్తకం పూర్తయ్యేదాకా డిని క్యాప్స్ లాక్ మీదికి మార్చేయండి. తెలుగులో క్యాప్స్ లాక్‌కి పనేం లేదు కదా. షార్ప్‌కీస్ అనే ఉచిత సాధనం ఉంది. యాడ్ నొక్కి ఎడమ జాబితాలో క్యాప్స్ లాక్, కుడి జాబితాలో డి ఎంచుకోండి. ఇంకోసారి యాడ్ నొక్కి ఎడమన డి, కుడిన టర్న్ కీ ఆఫ్ పెట్టండి. రైట్ టు రిజిస్ట్రీ నొక్కి, రీస్టార్ట్ చేయండి. రెండోది మరిచిపోవద్దు. పాత డి అప్పుడప్పుడు తనంతట తాను పడితే పొల్లు మీద పొల్లు పడుతుంది.

ఈ మార్పు స్కాన్‌కోడ్ (నొక్కిన కీకి కీబోర్డు పంపే నంబర్) స్థాయిలో జరుగుతుంది కాబట్టి క్యాప్స్ కొడితే పొల్లు, షిఫ్ట్‌తో కొడితే అ, ఇంగ్లీషులో డి, అన్నీ సరిగ్గా వస్తాయి. లాగిన్ స్క్రీన్‌లోనూ పనిచేస్తుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్‌ సాధనంతోనూ కీలు మార్చుకోవచ్చు కానీ అది నడుస్తున్నంతసేపే, లాగిన్ దగ్గర ఉండదు. విండోస్ కంటే ముందు వచ్చే బయోస్‌లో మాత్రం రెండూ పనిచేయవు, అక్కడ పాస్‌వర్డ్ పెట్టుకుని అందులో డి ఉంటే చూసుకోండి. ఇంకో మెలిక: షార్ప్‌కీస్ మార్పు ఆ కంప్యూటర్‌కి తగిలించిన కీబోర్డులన్నిటికీ వర్తిస్తుంది. యూఎస్‌బీ కీబోర్డు పెట్టినా దాని డి కూడా మూగబోతుంది. కొత్త కీబోర్డు వేశాక ఆ రెండు వరుసలూ తీసేసి మళ్లీ రిజిస్ట్రీకి రాయాలి.

కె అదురుకి విండోస్‌లోని ఫిల్టర్ కీస్ ఆన్ చేయమంటారు కొందరు. అందులో బౌన్స్ కీస్ అనేది అదే కీ వెంటనే మళ్లీ పడితే వదిలేస్తుంది, దాని కనీస వ్యవధి అర సెకను. టైపిస్టుకి అది సంకెలే: బ్యాక్‌స్పేస్ టకటకా కొట్టలేరు, "కలలు"లో రెండో ల పడదు. కీబోర్డ్ ఛాటర్ బ్లాకర్ అనే ఓపెన్ సోర్స్ సాధనంలో మిల్లీసెకన్లలో, ఏ కీకి ఆ కీ విడిగా పెట్టుకోవచ్చు. కెకి 50తో మొదలుపెట్టండి. అదురు సాధారణంగా అంతలోపే ముగుస్తుంది, వేలు కావాలని రెండుసార్లు కొట్టడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది.

ఇప్పటిదాకా టైపు చేసిన ఫైళ్లు కూడా ఒకసారి వెతకండి. రెండు పొల్లులు పక్కపక్కన, రెండు సున్నాలు పక్కపక్కన, రెండు దీర్ఘాలు పక్కపక్కన పడి ఉంటే అన్నిటినీ ఒకేసారి రీప్లేస్ చేసేయొచ్చు, తెలుగులో అలా రానే రావు. కొన్ని ఫాంట్లలో రెండో పొల్లు కంటికి ఆనదు, కానీ ఆ మాట వెతికితే దొరకదు. హల్లుల దగ్గర మాత్రం "కక"ను గుడ్డిగా "క" చేయొద్దు, "కకావికలు" కాస్తా "కావికలు" అవుతుంది. ఒక్కొక్కటే చూసి మార్చాలి.

పెంగ్విన్‌పిట్ట:

యూఎస్‌బీ కీబోర్డు మీదే పని కానిచ్చేస్తే ఇవేవీ అక్కర్లేదు. కాకపోతే లోపలి కీబోర్డును ఆపాలి, లేకపోతే బి, ఎన్ వాటంతటవే పడి టైపింగ్ మధ్యలో చొరబడతాయి.

విండోస్ డివైస్ మేనేజర్‌లో "స్టాండర్డ్ పీఎస్/2 కీబోర్డ్" దగ్గర చాలాసార్లు డిసేబుల్ మాటే కనిపించదు. అప్పుడు ఐ8042పీఆర్‌టీ అనే డ్రైవర్‌ను అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిసేబుల్ చేసి రీస్టార్ట్ చేయాలి. ముందు దాని స్టార్ట్ టైప్ ఏముందో రాసి పెట్టుకోండి, తిరిగి అదే పెట్టాలి. కొన్ని మోడళ్లలో టచ్‌ప్యాడ్ కూడా అదే డ్రైవర్ మీద ఉంటుంది, కాబట్టి యూఎస్‌బీ మౌస్ దగ్గర ఉంచుకునే ఈ పని చేయండి.

లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపేది) ఉంటే దాంతో బూట్ చేసి చూడండి. అక్కడా "కక" పడితే విండోస్ తప్పు కాదని తేలిపోతుంది.

ప్రూఫులకుప్ప:

బల్ల మీద ఊగడం లేదు, బ్యాటరీ బాగానే ఉన్నట్టుంది. పెన్సిల్ పరీక్షలో డి గట్టిగా నొక్కితేనే పడింది. షార్ప్‌కీస్ పెట్టాను, పొల్లు ఇప్పుడు క్యాప్స్ మీద పడుతోంది. టంకంకడ్డీ గారూ, ప్యానెల్ మొత్తం కొనకుండా కీబోర్డు ఒక్కటే మార్చే దారి ఉందా?

టంకంకడ్డీ:

ఉందండీ, కానీ మెకానిక్ ఓపికను బట్టి. మీ దాంట్లో కీబోర్డును ప్యానెల్‌కి పట్టి ఉంచేవి స్క్రూలు కావు, కరిగించి అదిమిన పదుల కొద్దీ ప్లాస్టిక్ బుడిపెలు. వాటి తలలు బ్లేడుతో గీకి పాత కీబోర్డు ఊడదీసి, కొత్తది పెట్టి, టంకం కడ్డీతో మళ్లీ అదమాలి. కొందరు జిగురు వేస్తారు. సరిగ్గా అదమకపోతే టైపు చేస్తుంటే నడిమి భాగం దిగుతుంది. రోజంతా టైపు చేసే మనిషికి నేనైతే ప్యానెలే చెబుతాను. దుకాణాల్లో దాన్ని సి ప్యానెల్ అంటారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల వాడిన మెషీన్ల నుంచి తీసిన ప్యానెళ్లు కూడా దొరుకుతాయి. అలాంటిది కొంటే అక్కడే తగిలించి అన్ని కీలూ కొట్టి చూశాకే డబ్బివ్వండి.

ఏది కొన్నా ల్యాప్‌టాప్ పేరు చెప్పి ఊరుకోవద్దు. పాత కీబోర్డు వెనక లేబుల్ మీదున్న పార్ట్ నంబర్ ఫొటో తీసి చూపించండి. కీబోర్డును మదర్‌బోర్డుకి కలిపే రిబ్బన్ కేబుల్ వెడల్పు, అది బయటికి వచ్చే చోటు, బ్యాక్‌లైట్‌కి రెండో రిబ్బన్ ఉందా, పవర్ బటన్ కీబోర్డులోనే ఉందా, ఎంటర్ కీ ఒక వరుసదా రెండు వరుసలదా, ఇవన్నీ కలవాలి. బ్యాక్‌లైట్ లేని మెషీన్‌కి బ్యాక్‌లైట్ కీబోర్డు తెచ్చుకుంటే మదర్‌బోర్డులో దానికి కనెక్టరే ఉండకపోవచ్చు.

బిగించేటప్పుడు ముందు బ్యాటరీ కనెక్టర్ తీయించండి. రిబ్బన్ కనెక్టరు మీద చిన్న నల్ల గొళ్లెం ఉంటుంది, దాన్ని గోటితో లేపాకే రిబ్బన్ లాగాలి. గొళ్లెం విరిగితే కొత్త కీబోర్డు పెట్టినా సగం కీలు పనిచేయవు, బోర్డు మీద కనెక్టరే మార్చాల్సి వస్తుంది. రిబ్బన్ వంకరగా దూరినా వరసలకు వరసలు పడవు, అది చూసి కొత్త పార్టు చెడ్డదనుకుని వాపసు ఇచ్చేస్తుంటారు. తీసి తిన్నగా పెట్టి, గొళ్లెం వేసి, ప్యానెల్ స్క్రూలు బిగించక ముందే ఆన్ చేసి కీలన్నీ ఒకసారి కొట్టి చూడమనండి. ఆ పరీక్షకు ముందు షార్ప్‌కీస్ వరుసలు తీసేయండి, లేకపోతే కొత్త కీబోర్డులో డి పోయిందని గొడవపడతారు.