మొదటిసారి టర్కీ కోళ్ళ వేటకి వెళ్తున్నాను, ఏమేం చూసుకోవాలి?

డాలస్ కొత్తోడు: అందరికీ నమస్కారమండీ. వచ్చే ఏప్రిల్‌లో టెక్సస్ హిల్ కంట్రీలో ఒక రాంచ్‌కి టర్కీ వేటకి రమ్మన్నారు. నేను హెచ్‌1బి మీద ఉన్నాను. తుపాకీ లేదు, ఫ్రెండ్ తన 12 గేజ్ షాట్‌గన్ ఇస్తానన్నాడు. దాని చోక్ (గుళ్ళు ఎంత చెదరాలో నిర్ణయించే, గొట్టం చివరి ఇరుకు భాగం) మీద ‘మాడిఫైడ్’ అని ఉంది. ఏ తూటాలు కొనాలి? ఏ కాల్ (పక్షి కూతతో దాన్ని పిలిచే సాధనం) నేర్చుకోవాలి? వీడియోలు చూసేకొద్దీ గందరగోళంగా ఉంది.

పాత తుపాకి: తూటాల సంగతి తర్వాత, ముందు కాగితాలు. హెచ్‌1బి, ఎఫ్‌1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ ఉన్నా, ఒట్టి తూటాలున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఉన్న మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒక్కటే: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు. ఫ్రెండ్ తుపాకీ కదా, నాది కాదు కదా అనుకోకండి. చేతిలోకి తీసుకుంటే చాలు, లెక్కలోకి వస్తుంది. అందుకని లైసెన్సు తీసుకున్నాకే షూటింగ్ రేంజ్‌కి వెళ్ళండి.

ఇంకో మెలిక ఉంది. టెక్సస్ లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. ముందు ముందు సొంత తుపాకీ కొని, సీజన్ అయిపోయింది కదా అని రెన్యూ చేయకపోతే, సెప్టెంబర్ 1 నుంచి ఇంట్లో ఉన్న ఆ తుపాకీయే కేసవుతుంది. గ్రీన్ కార్డు వాళ్ళకి ఈ గొడవ లేదు. మీ స్టేటస్‌లో ఏ చిక్కున్నా లాయర్ని అడిగాకే ముందుకెళ్ళండి.

లైసెన్సుతో పాటు అప్‌లాండ్ గేమ్ బర్డ్ ఎండార్స్‌మెంట్ (టర్కీ లాంటి పక్షుల వేటకి అదనపు అనుమతి) కూడా తీసుకోవాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. 17 ఏళ్ళు నిండితే ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. సీజన్ తేదీలు, ఎన్ని పక్షులు కొట్టొచ్చు అనేవి కౌంటీని (మన జిల్లా లాంటిది) బట్టి మారతాయి. రాంచ్ ఏ కౌంటీలో ఉందో కనుక్కుని, రాష్ట్ర వన్యప్రాణి శాఖ సైట్‌లో ఆ కౌంటీ పేజీ చదవండి.

గుళ్ళ లెక్క: చోక్ గురించి నేను చెప్తాను. టర్కీని ఒంటి మీద కొట్టరు. రెక్కలు, ఈకలు, రొమ్ము కండ దాటి గుళ్ళు లోపలికి సరిగ్గా వెళ్ళవు, పక్షి గాయంతో ఎగిరిపోతుంది. గురి తలకీ మెడకీ. మెడ మీద ఈకలు ఆగిపోయి ఎర్రటి బొడిపెలు మొదలయ్యే చోట పెట్టాలి. అది మీ మణికట్టంత లావుంటుంది, అంతే. కాబట్టి గుళ్ళు గుత్తంగా పడాలి. దానికి ఫుల్ చోకో, టర్కీ చోకో కావాలి. మాడిఫైడ్‌తో 40 గజాలకి చెల్లాచెదురైపోతాయి.

మూడంగుళాల షెల్, 4, 5 లేక 6 నంబర్ సీసం గుళ్ళు చాలు. ఒకటీ ముప్పావు ఔన్సుల 5 నంబర్ షెల్‌లో దాదాపు 300 గుళ్ళుంటాయి. టంగ్‌స్టన్‌వి ఇంకా దూరం పనిచేస్తాయి గానీ ఖరీదెక్కువ, పైగా ఆ గట్టి గుళ్ళకి ఓర్చే చోక్ ఉండాలి. మొదటి ఏడాదికి అక్కర్లేదు.

ఇప్పుడు పేపర్ పరీక్ష. మూడడుగుల పేపర్ మధ్యలో 10 అంగుళాల వృత్తం గీయండి. తుపాకీని బల్ల మీద ఇసుక సంచికి ఆనించి, 40 గజాల నుంచి ఒక్కటి కాల్చండి. వృత్తంలో 100 చిల్లులు రావాలి. రాకపోతే 35కి, ఆపైన 30కి జరగండి. ఎక్కడ 100 దాటాయో అదే మీ హద్దు. బాక్సు మీద ఏం రాసున్నా పట్టించుకోకండి. ఒకే చోక్‌తో రెండు బ్రాండ్లు రెండు రకాలుగా పడతాయి, అందుకని కనీసం రెండు రకాలు కాల్చి చూడండి.

దగ్గర పక్షి తప్పిపోవడమే కొత్తవాళ్ళకి ఎక్కువ. ఎందుకంటే టర్కీ చోక్‌తో 15 గజాల దగ్గర గుళ్ళన్నీ పిడికిలంత ముద్దగా వెళ్తాయి. పైగా పక్షిని చూద్దామన్న ఆత్రంలో చెంప తుపాకీ వెనక చెక్క మీంచి లేస్తుంది. చెంప లేచిందంటే గుండు పైకి పోతుంది.

తెల్లవారుజాము: కాల్ విషయానికొస్తే బాక్స్ కాల్ (మూతని అంచు మీద రాపాడిస్తే పలికే చెక్క పెట్టె) కొనండి. నోట్లో పెట్టుకునే డయాఫ్రం కుదరడానికి వారాలు పడుతుంది. మూతకి బాక్స్ కాల్ సుద్దే రాయండి, బడి సుద్దముక్క వద్దు. మంచుకి తడిస్తే మూగబోతుంది, ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి. యెల్ప్ ఐదారు సార్లు వరసగా, క్లక్ ఒకటో రెండో. ఈ రెండు కూతలూ వస్తే చాలు.

ముందురోజు సాయంత్రం పక్షులు ఏ చెట్లెక్కుతున్నాయో దూరం నుంచే చూడండి. హిల్ కంట్రీలో ఎక్కువగా వాగుల పక్కన పొడవాటి చెట్ల మీద పడుకుంటాయి. మర్నాడు వెలుగు రావడానికి ముప్పావుగంట ముందే, ఆ చెట్లకి 100–150 గజాల దూరంలో కూర్చోవాలి. మీకూ వాటికీ మధ్య వాగు గానీ కంచె గానీ పొద గానీ ఉండకూడదు, ఉంటే అవతలే ఆగిపోతుంది. చెట్టు మీదున్న దాన్ని కొట్టకండి. దిగనివ్వండి.

మీ భుజాలకంటే వెడల్పైన చెట్టుకి ఆనుకుని, మోకాళ్ళు పైకెత్తి, తుపాకీ మోకాలి మీద పెట్టి, ఎడమ భుజం పక్షి వచ్చే వైపుకి ఉండేలా కూర్చోండి (కుడిచేతి వాటం అయితే). 20 గజాల్లో ఆడపక్షి డికాయ్ (బొమ్మ) పెట్టండి. మీ హద్దు దూరంలో ఒక రాయో పొదో గుర్తు పెట్టుకోండి.

మగపక్షి గాబుల్ అని బదులిచ్చిందంటే, ఊరికే పిలుస్తూనే ఉండకండి. సహజంగా ఆడపక్షే మగదాని దగ్గరికి నడిచి వెళ్తుంది. మీరు ఆగకుండా పిలిస్తే ‘అదే వస్తుందిలే’ అని 70 గజాల్లో నిలబడి తోక విప్పి తిరుగుతుంది. రెండుసార్లు పలికి, 15 నిమిషాలు నోరు మూసుకోండి. గాబుల్ ఆగిపోయిందంటే వెళ్ళిపోయిందని లేవకండి. చాలాసార్లు చప్పుడు చేయకుండా వచ్చేస్తుంది.

టర్కీకి వాసన పెద్దగా తెలియదు, చూపు మాత్రం భయంకరం. చేతులకీ ముఖానికీ కామో (చెట్టూచేమల్లో కలిసిపోయే రంగుల బట్ట) ఉండాలి. దాని తల చెట్టు చాటుకి వెళ్ళినప్పుడే తుపాకీ కదపండి. తోక విప్పినప్పుడు మెడ లోపలికి ముడుచుకుంటుంది, కాల్చకండి. ఒక్క క్లక్ ఇస్తే తల పైకెత్తుతుంది. అప్పుడు.

అటవీ నియమం: ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వద్దే వద్దు. మగ టర్కీ తల రంగులవే. జేబులోంచి తొంగిచూసే తెల్ల టిష్యూ కూడా ప్రమాదమే. గాబుల్ వినిపించిన వైపు పాకుతూ వెళ్ళకండి, అది ఇంకో వేటగాడి కాల్ కావచ్చు. ఎవరైనా మీ వైపు వస్తే చెయ్యి ఊపొద్దు, కాల్ వాయించొద్దు. కదలకుండా గట్టిగా మనిషి గొంతుతో అరవండి. కొట్టిన పక్షిని ఆరెంజ్ సంచిలో మోయండి.

డాలస్ కొత్తోడు: చాలా థాంక్సండీ. మగదా ఆడదా ఎలా పోల్చుకోవాలి? మాంసం మన కూరకి పనికొస్తుందా?

పాత తుపాకి: రొమ్ము మీంచి వేలాడే గుర్రపు వెంట్రుకల్లాంటి కుచ్చు చూడండి, దాన్నే బియర్డ్ అంటారు. కొన్ని ఆడవాటికీ ఉంటుంది, కాబట్టి తల రంగులు (మగదానికి ఎరుపు, తెలుపు, నీలం) కూడా చూడాలి. పిల్ల మగదానికి, అంటే జేక్‌కి, తోక విప్పితే మధ్య ఈకలు పొడుగ్గా పైకి పొడుచుకొస్తాయి. ముదురు దానికి అంచు ఒకే వంపులో ఉంటుంది. పడిన వెంటనే లైసెన్సుతో వచ్చే ట్యాగ్ మీద నెల, తేదీ కోసి కాలికి కట్టండి. హార్వెస్ట్ రిపోర్ట్ (ఏం కొట్టారో తెలిపే సమాచారం) అడిగే చోట అదీ ఆ శాఖ యాప్‌లో పెట్టాలి. ఇల్లు చేరేదాకా బియర్డ్ పీకేయకండి, అధికారులు అడిగే రుజువుల్లో అదొకటి. కొట్టుకుంటున్న పక్షిని కాళ్ళ దగ్గర పట్టుకోవద్దు, కాలి వెనకుండే పదునైన ముళ్ళు చీరేస్తాయి.

రొమ్ము కండ పలచగా కోసి వేపుడు చేయండి, లోపల 74 డిగ్రీల సెల్సియస్ దాటితే దించేయాలి, లేకపోతే పీచైపోతుంది. కాళ్ళు నాటుకోడి కంటే మొండివి. కుక్కర్‌లో మొదటి కూత వచ్చాక సన్నమంట మీద 40 నిమిషాలు. పిక్కలో పుల్లల్లాంటి నరాలుంటాయి, ఉడికాక లాగేసి, ఆ తర్వాతే మసాలాలో వేయండి.